కవి పలుకని పేరు

ప్రేమకవిత్వమును చదువువారికి అన్ని కాలములందును కలుగు ప్రశ్న ఒకటి కలదు: ఈమె ఎవరు? నండూరి సుబ్బారావుగారి యెంకి పాటలు 1925లో పుస్తకరూపమున వెలువడిన నాటినుండి, యెంకి నిజముగా ఉన్నదా యని పాఠకులు అడుగుచునే యున్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి ఊర్వశిని గూర్చియు అట్లే అడిగిరి. పద్యము మధురముగా నున్నదని తృప్తిపడి ఊరకుండుట పాఠకునికి చాలదు. ఆ పద్యము వెనుక ఒక ముఖమును, ఒక ఇంటిని, ఒక వీధిని చూడవలెనని ఆతడు కోరును. ఆ కోరిక తప్పు కాదు. కాని అది మనలను ఎంతదూరము సత్యమునకు తీసికొనిపోవునో, ఎక్కడినుండి కట్టుకథలోనికి దింపునో ఆలోచింపవలసి యున్నది.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రెండువేల ఏండ్ల క్రిందట రోమునగరమున ఇదే ప్రశ్న పుట్టినది. నాలుగువందల ఏండ్ల క్రిందట మన గోలకొండ విషయమునను పుట్టినది. రోములో కవి పేరు కటుల్లస్, ప్రియురాలి పేరు లెస్బియ. గోలకొండలో కవి మహమ్మద్ కులీ కుతుబ్‌షా, ప్రియురాలి పేరు భాగమతి. మొదటి కథలో కవియే ఒక పేరు కల్పించి మనిషిని దాచెను. రెండవ కథలో పేరును ఇతరులు చెప్పిరి, కవి మాత్రము పలుకలేదు. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింప దలచి మేము ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

కటుల్లస్ ఉత్తర ఇటలీలోని వెరోనా పట్టణమువాడు. క్రీస్తు పూర్వము 84 ప్రాంతమున సంపన్నుల ఇంట జన్మించెను. ఆతని తండ్రి ఇంట జూలియస్ సీజరు అతిథిగా విడియుచుండెడివాడట. యౌవనమున రోము చేరి, అచ్చటి నవకవులతో కలిసి, ముప్పది యేండ్ల ప్రాయముననే మరణించెనని పండితుల లెక్క. ఆతని పద్యములు నూటపదికి పైగా నేడు లభించుచున్నవి. ఇంచుమించు అవి యన్నియు ఒక్క వ్రాతప్రతి పుణ్యమున నిలిచినవి. క్రీస్తు శకము 1300 ప్రాంతమున ఆ ప్రతి వెరోనాలో వెలుగుచూచినది. పిమ్మట అదియు పోయినది. దానిని చూచి ఎత్తి వ్రాసిన ప్రతులే లోకమునకు మిగిలినవి. ఆ ఒక్క ప్రతి చెదల పాలై యుండినచో లెస్బియ అను పేరు కూడ మనకు ఇంత తెలిసియుండెడిది కాదు.

ఈ పద్యములలో ఇరువదియైదు వరకు లెస్బియకు సంబంధించినవి. వానిని వరుసగా కూర్చుకొన్నచో ఒక కథ ఏర్పడును. ఆమె వివాహిత. మొదటి పద్యములలో ఆనందము తప్ప వేరొకటి లేదు. ఆమె ఒడిలో ఆడుకొను పిచ్చుక మీద కూడ కవికి అసూయ కలుగును. ముద్దులకు లెక్క పెట్టరాదని, లెక్క తెలిసినచో లోకుల దిష్టి తగులునని ఆతడు భయపడును. తరువాత సందేహము పొడచూపును. ఆమె మాటను గాలిలో వ్రాతగా తలచును. సోదరుడు మరణించిన దుఃఖము, దూరదేశ ప్రయాణము నడుమ వచ్చును. తుదకు, ఈ ప్రేమ యను రోగమును కుదుర్పుడని దేవతలను వేడుకొనును. అప్పటి పద్యములలో అనురాగమును ద్వేషమును ఒకదానినొకటి విడువక పెనగులాడుచుండును.

లెస్బియ యనునది ఆమె అసలు పేరు కాదు. గ్రీకు కవయిత్రి శాఫో నివసించిన ద్వీపము లెస్బాస్. ఆ ద్వీపమును తలపించు పేరు ప్రియురాలికి పెట్టుట ఆ మహాకవయిత్రికి చేసిన నమస్కారము, ప్రియురాలి రసజ్ఞతకు ఇచ్చిన కితాబు. కవి మరణించిన రెండువందల ఏండ్లకు ఆఫ్రికావాసియైన లాటిన్ రచయిత అపులేయస్ మారుపేరు గుట్టు విప్పెను. మంత్రప్రయోగము చేసెనను నేరముపై ఆతనిని న్యాయస్థానమున నిలిపిరి. మారుపేర్లతో ప్రేమపద్యములు వ్రాసెననియు ఆక్షేపించిరి. అందులకు ఆతడు, పూర్వకవులును అట్లే చేసిరి గదా యని బదులు చెప్పెను. కటుల్లసు క్లోడియను లెస్బియ యనెను, ప్రొపర్టియస్ హోస్తియను సింథియ యనెను, టిబుల్లస్ ప్లానియను డీలియ యనెను అని ఉదాహరణములు చూపెను.

ఛందస్సు తెలిసిన తెలుగువారికి ఇందొక చమత్కారము వెంటనే తోచును. క్లోడియ యనునది ఒక గురువు, రెండు లఘువులు. అనగా భగణము. లెస్బియ యనునదియు భగణమే. హోస్తియ, సింథియ, ప్లానియ, డీలియ, ఈ పేరులన్నియు భగణములే. కవి తన పద్యమును మిత్రులకు చదివి వినిపించునప్పుడు మారుపేరు తీసి అసలు పేరు పెట్టినను గణభంగము కాదు. తాళముచెవి తాళముననే అమర్చి యుంచినట్లు, రహస్యమును విప్పు ఉపాయము ఆ పేరులోనే యున్నది.

అయినను తలుపు పూర్తిగా తెరచుకొనలేదు. రోమను స్త్రీలకు తమదైన పేరు ఉండెడిది కాదు. ఇంటిపేరు స్త్రీలింగమున చెప్పినచో అదియే కుమార్తె పేరు. ముగ్గురు కుమార్తెలున్నను ముగ్గురికిని అదే పేరు. క్లోడియస్ అను రాజకీయ నాయకునికి అట్టి అక్కచెల్లెండ్రు ముగ్గురు. వారిలో మెటెల్లస్ కేలర్ భార్యయే లెస్బియ యని ఎక్కువమంది పండితుల నమ్మకము. ఈ మెటెల్లస్ క్రీ.పూ. 60లో కాన్సల్ పదవి నిర్వహించి, మరుసటి యేడు మరణించెను. కాదు, వేరొక సోదరి యని వాదించువారును కలరు. అపులేయస్ పేరు చెప్పెను గాని, ఏ క్లోడియయో చెప్పలేదు.

మెటెల్లస్ భార్యయైన క్లోడియను గూర్చి మనకు తెలిసినది చాలవరకు సిసెరో నోటినుండి వచ్చినది. క్రీ.పూ. 56లో కైలియస్ అను యువకునిపై అభియోగము నడచెను. క్లోడియకు విషము పెట్టింప జూచెననునది అందులో ఒక ఆరోపణ. ఆతని పక్షమున వాదించిన సిసెరో, నేరమును గూర్చి చెప్పినదానికంటె క్లోడియ నడవడిని గూర్చి చెప్పినది ఎక్కువ. ఆమెను వేశ్యగా చిత్రించి సభను నవ్వించెను. రెండేండ్లకు ముందు, 58లో, సిసెరోను దేశమునుండి వెడలగొట్టించినవాడు క్లోడియ సోదరుడే. కాబట్టి ఆ వక్త పగ ఆ మాటలలో ఎంత కలిసినదో ఊహింపవచ్చును. ఒక మగవాడు విరహమున వ్రాసెను, మరియొక మగవాడు కక్షతో మాటలాడెను. క్లోడియ తన మాటగా చెప్పినది ఒక్కటియు నిలువలేదు.

ఇదే రోములో దీనికి ఎదురు ఉదాహరణము కూడ కలదు. ఓవిడ్ అను కవి కొరిన్న యను ప్రియురాలిని గూర్చి గ్రంథము వ్రాసెను. కొరిన్న ఎవరని ఊరంతయు అడుగుచున్నదని తానే చెప్పెను. తానే కొరిన్ననని చాటుకొన్న ఒక స్త్రీని గూర్చియు చెప్పెను. అపులేయస్ ఇచ్చిన పట్టికలో మాత్రము కొరిన్న లేదు. ఆమెకు సరియైన అసలు పేరు ఇంతవరకు దొరకలేదు. కవులు ప్రియురాలికి గ్రీకుపేరు పెట్టి పద్యములు చెప్పుట అప్పటికే ఒక సంప్రదాయమైనది. ఆ సంప్రదాయమునే ఓవిడ్ ఆటగా తీసికొని లేని స్త్రీని సృష్టించెనని పలువురు తలతురు. కావున ప్రేమపద్యమున పేరు కనబడిన మాత్రమున ఆ పేరుగల మనిషి ఉన్నట్లు కాదు. మనిషి ఉన్నమాత్రమున పద్యమున పేరు కనబడవలెనను నియమమును లేదు. ఈ రెండవ మాటకు ఉదాహరణము మనకు సమీపముననే కలదు.

ఇక మన దేశమునకు వత్తము. ఆదోని, ఎమ్మిగనూరు, దేవనకొండ ప్రాంతములవారికి దక్కనీ భాష క్రొత్తది కాదు. తెలుగు, కన్నడము, దక్కనీ మూడును ఒకే బజారున వినబడు సీమ యిది. 1565లో విజయనగర సైన్యము ఓడిన పిమ్మట, 1568లో ఆదోని కోట బీజాపురపు ఆదిల్‌షాహీల వశమయ్యెను. తెలంగాణమున గోలకొండ కుతుబ్‌షాహీలు ఏలుచుండిరి. రెండు కొలువులలోను పారసీకము రాచభాష, దక్కనీ ముద్దుభాష. భాగమతి కథను వ్రాసిన ప్రసిద్ధ చరిత్రకారుడు ఫెరిష్తా బీజాపుర కొలువువాడు. గోలకొండ ప్రేమకథ గోలకొండ చరిత్రలో లేక, ఆదోని నేలిన ప్రభువుల కొలువున వ్రాతకెక్కుట ఈ వ్యవహారమున మొదటి వింత.

మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు ఆతడే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆతనికి అంకితమిచ్చెను. ఆతని కొలువులోని అమీన్‌ఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రమును అంకితమిచ్చెను. అట్టి వాతావరణమున పెరిగిన మహమ్మద్ కులీ 1580లో, సుమారు పదునైదేండ్ల వయసున సింహాసనమెక్కి 1612 వరకు పాలించెను. 1591లో మూసీనది దక్షిణపు గట్టున క్రొత్తనగరమునకు పునాది వేసి, నడుమ చార్మినారును నిలిపెను. దక్కనీలో ఆతడు చెప్పిన కవిత్వము ఒక పెద్ద సంపుటము. ఉర్దూ భాషలో దివాను, అనగా సంపూర్ణ కవితాసంకలనము, కలిగిన తొలికవులలో ఆతని పేరే ముందు చెప్పుదురు.

ఆ కవిత్వమున పారసీక ఛందస్సు ఉన్నది గాని, నేల మాత్రము మనదే. వసంతోత్సవము ఉన్నది. ఈదు పండుగలు ఉన్నవి. మృగశిరకార్తె వానలు ఉన్నవి. పారసీక గజలులో ప్రియవస్తువు స్త్రీయో పురుషుడో తెలియకుండ దాచుట మర్యాద. మహమ్మద్ కులీ ఆ మర్యాదను లెక్కింపలేదు. ఆతని ప్రియురాలు స్పష్టముగా స్త్రీ, అందును ఈ దేశపు స్త్రీ. పద్మినీజాతి మొదలైన మన నాయికాభేదములు కూడ ఆ పద్యములలో కనబడును.

ఇప్పుడు జనులు చెప్పు కథను వినుడు. రాజకుమారుడు మూసీ ఆవలి చించలం గ్రామమున భాగమతి యను నర్తకిని చూచి మోహించెను. ఒకనాటి రాత్రి ఏరు పొంగి పొరలుచుండగా గుఱ్ఱమును నీటిలోనికి దుమికించి ఆమెకొరకు ఆవలిగట్టు చేరెను. ఈ సంగతి విన్న తండ్రి కోపింపక, కుమారుని ప్రాణమునకు భయపడి, నదికి వంతెన కట్టించెను. అదియే పురానాపూల్. కుమారుడు రాజైన పిమ్మట ఆమెను పెండ్లాడి, ఆమె గ్రామము చోటనే నగరము కట్టి భాగ్‌నగరమని పేరు పెట్టెను. ఆమెకు హైదర్ మహల్ అను బిరుదమిచ్చిన తరువాత నగరము హైదరాబాదు అయ్యెను.

ఈ కథలో మొదట కూలిపోవునది వంతెనయే. పురానాపూల్ 1578లో పూర్తియైనది. అప్పటికి రాకుమారునికి పదుమూడేండ్లకు మించవు. వంతెన కట్టుటకు పట్టిన కాలమును తీసివేసినచో ఏటిని ఈదిన ప్రేమికుని వయసు ఇంకను తగ్గును. గోలకొండనుండి దక్షిణదేశమునకు పోవు వర్తకమునకును సైన్యమునకును మూసీపై వంతెన అవసరము. కట్టుటకు ఆ కారణము చాలును. ప్రేమ కథకు వంతెన వచ్చి చేరినదే గాని, వంతెనకు ప్రేమ కారణము కాదని మా తలపు.

వంతెన కూలినంతమాత్రమున భాగమతి మునిగిపోయినట్లు కాదు. ఆమెను గూర్చి చెప్పు సాక్షులు వేరుగా కలరు. వారిలో మొదటివాడు ఫైజీ. ఈతడు అక్బరు ఆస్థానకవి, అబుల్ ఫజలునకు అన్న. 1591లో అక్బరు ఈతనిని దక్కను రాజ్యములకు రాయబారిగా పంపెను. గోలకొండ రాజు ఒక క్రొత్తనగరమును కట్టి, తాను చిరకాలముగా ఉంచుకొన్న భాగమతి యను వేశ్య పేరుమీద భాగ్‌నగరమని పిలుచుచున్నాడని ఈతడు చక్రవర్తికి నివేదిక పంపెను. రెండవవాడు అక్బరు కొలువులోని చరిత్రకారుడు నిజాముద్దీన్ అహమ్మద్. ఈతడు 1594లో మరణించెను. మూడవవాడు ఫెరిష్తా. పదునేడవ శతాబ్ది మొదటి దశకమున వ్రాయుచు, రాజు ఆమెను ప్రేమించి ఆమె పేర నగరము కట్టెననియు, ఆమె కదలినచో వేయిమంది రౌతులు వెంట నడచునట్లు ఏర్పాటు చేసెననియు, తరువాత సిగ్గుపడి నగరమునకు హైదరాబాదని పేరు మార్చెననియు ఈతడు చెప్పెను.

గోలకొండవారు ఏమనిరి? ఏమియు అనలేదు. 1617 ప్రాంతమున, రాజు మరణించిన ఐదేండ్లకు, ఆ కొలువుననే వ్రాయబడిన వంశచరిత్రలో భాగమతి లేదు. శాసనములలో లేదు. నాణెములపై భాగ్‌నగరము లేదు, హైదరాబాదే కలదు. గోలకొండ సమీపమున కుతుబ్‌షాహీ వంశపు సమాధులున్న తోటలో రాజకుమార్తె హయాత్ బక్షీ బేగమునకు గొప్ప సమాధి కలదు. తరువాతి కాలపు నర్తకీమణులు తారామతి, ప్రేమామతులవని చూపు సమాధులును కలవు. భాగమతిదని చెప్పదగిన సమాధి మాత్రము లేదు.

ఈ మౌనమును ఆధారము చేసికొని ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ 1967లో ప్రకటించిన తన గ్రంథమున భాగమతి కట్టుకథ యని వాదించెను. ఫైజీ దూరమున నుండి విన్న పుకారును వ్రాసెను, తక్కినవారు ఆతనిని అనుసరించిరి అని ఆయన అభిప్రాయము. నగరము తోటలతో నిండియుండుటచే బాగ్‌నగరమను వాడుక పుట్టినదనియు ఆయన చెప్పెను. పారసీకమున బాగ్ అనగా తోట. దీనికి బదులుగా నరేంద్ర లూథర్ 1991లో ప్రకటించిన మహమ్మద్ కులీ జీవితచరిత్రమున, భాగమతి నిజముగా నుండిన స్త్రీయే యని సాక్ష్యములను మరల పరిశీలించి చూపెను. ఇరువురును గోలకొండను ప్రేమించినవారే. ఒకరు రాజు చరిత్రను పుకారునుండి కాపాడగోరిరి, ఒకరు ప్రేమకథను మౌనమునుండి కాపాడగోరిరి.

ఈ తగవున కవిత్వము ఏమి సాక్ష్యమిచ్చునో చూతము. మహమ్మద్ కులీ కవితలను ఆతని అన్నదమ్ముని కుమారుడును అల్లుడును, తరువాతి రాజునైన సుల్తాన్ మహమ్మద్ 1616లో సంకలనము చేయించెను. ఆధునిక కాలమున డాక్టరు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ దానిని పరిష్కరించి 1940లో అచ్చువేయించెను. ఆ సంపుటమున భాగమతి అను పేరు కానరాదు. దానికి బదులు పండ్రెండుగురు ప్రియురాండ్రు కనబడుదురు. నన్హీ, సాఁవ్లీ, గోరీ, ఛబీలీ, లాలా, మోహన్, ముష్తరీ, హైదర్ మహల్ మొదలైనవి వారి పేరులు.

ఈ పేరులను తెలుగున చెప్పుకొన్నచో సంగతి కొంత తేటపడును. నన్హీ యనగా చిన్నది. సాఁవ్లీ యనగా నల్లనిది. గోరీ యనగా తెల్లనిది. ఛబీలీ యనగా సొగసుకత్తె. ఇవి ఊరు, ఇంటిపేరు గల మనుషులను చూపునవి కావు, నాయికల తీరును చూపునవి. లెక్క పండ్రెండే ఏల యనగా, రాజు షియా మతస్థుడు. షియాలు కొలుచు ఇమాములు పండ్రెండుగురు. ఆ పండ్రెండుగురి దయవలననే తనకు పండ్రెండుగురు ప్రియురాండ్రని రాజే యొక కవితలో చెప్పుకొన్నాడు. భక్తిని, శృంగారమును ఒకే లెక్కలో కూర్చుట కవిసమయము, అంతఃపురపు జనాభా లెక్క కాదు.

హైదర్ మహల్ అను పేరు మాత్రము తక్కినవానివలె రంగును, రూపమును చెప్పదు. అది రాణివాసపు బిరుదమువలె నున్నది. భాగమతికి పెట్టిన బిరుదమే అదియని జోర్ మొదలైనవారు తలచిరి. తలచుటకు వీలున్నది, నిరూపించుటకు వీలు లేదు. హైదర్ అనునది హజ్రత్ అలీ బిరుదము. షియారాజు తన నగరమునకు ఆ పేరు పెట్టుకొనుటకు ప్రియురాలి ప్రమేయము అక్కరలేదు. అందుచేత నగరము పేరు రాణి పేరునుండి వచ్చెనో, రెండును అలీ పేరునుండియే వచ్చెనో కవిత్వము చెప్పలేదు.

అట్లయినచో మేము ఏమి నమ్ముచున్నాము? వంతెన కథను నమ్మము. కవితలలోని పండ్రెండుగురిలో ఒకామెను వ్రేలుపెట్టి చూపి ఈమెయే భాగమతి యని చెప్పము. కాని భాగమతి యను స్త్రీ ఎన్నడును లేదని కొట్టివేయుటయు మాకు సమ్మతము కాదు. కారణము తేదీలలో నున్నది. కట్టుకథకు పెరుగుటకు కాలము కావలెను. ఇచ్చట నగరము 1591లో పుట్టినది. రెండు మూడేండ్లలోపలనే ఉత్తరదేశమున ఆ పేరును, ఆ స్త్రీని ఎరుగుదురు. ఫైజీ మాట పుకారే కావచ్చును. అయినను, రాజు బ్రతికియుండగా, నగరము సున్నపు తడి ఆరకమునుపే పుట్టిన పుకారు అది.

ఫెరిష్తా విషయమున మరియొక సంగతి గమనింపదగినది. ఆతని ప్రభువు రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా. ఆ ప్రభువు పట్టపురాణి మహమ్మద్ కులీ తోబుట్టువు. రాణి సోదరుడు జీవించియుండగా, ఆ రాణి కొలువుననే, ఆతని ప్రేమను గూర్చి బొత్తిగా నిరాధారమైన కథను వ్రాయుటకు కొలువు చరిత్రకారుడు సాహసించునా? ఇది నిరూపణము కాదు, తూచదగిన తూకపురాయి మాత్రమే. అర్ధశతాబ్దికి పైగా గడచిన పిమ్మట ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ నగరమును బాగ్‌నగరమనియే పిలిచి, రాజు తాను ప్రేమించిన భార్య కోరికపై దీనిని కట్టెనని వినికిడి వ్రాసెను. ఆమె పేరు నగర్ అని పొరపడెను. పేరు చెదరినను, ప్రియురాలు మాత్రము జనుల నోట నిలిచియే యున్నది.

మరి గోలకొండ మౌనమునకు కారణమేమి? ఇచ్చట లెస్బియ కథ మనకు అక్కరకు వచ్చును. రోములో కవి పరదేశపు పట్టణమునుండి వచ్చిన యువకుడు, ప్రియురాలు కాన్సల్ ఇంటి ఇల్లాలు. పేరు బయటపడినచో పరువు పోవునది ఆమె ఇంటిది. అందుచే కవి పేరు మార్చి దాచెను. దాచినను విప్పుటకు వీలుగా భగణమును మిగిల్చెను. గోలకొండలో కవి రాజు, ప్రియురాలు ఊరి ఆడది. పేరు నిలిచినచో పరువు పోవునని భయపడినది రాచకుటుంబము. సంకలనము చేయించినవాడు అల్లుడు. వంశచరిత్ర వ్రాయబడినది ఆ అల్లుని కాలముననే. ఇంటి పెద్దను గూర్చి ఏది వ్రాయవలెనో ఏది మానవలెనో ఎరిగిన కలములు అవి. ఆ కలములు ఒక పేరును విడిచెనని చెప్పుటకు సాక్ష్యము లేదు. కాని అట్టి కలముల మౌనమును, ఆమె లేదనుటకు సాక్ష్యముగా తీసికొనుటయు న్యాయము కాదు.

రెండు కథలయందును అసలు నష్టపడినవారు స్త్రీలే. క్లోడియను వేశ్య యనినవాడు ఆమె సోదరుని శత్రువు. భాగమతిని వేశ్య యనినవాడు గోలకొండ నొకనాటికి కబళింప జూచుచున్న చక్రవర్తి రాయబారి. ఒకరిని గూర్చి వినునప్పుడు, చెప్పువాడెవడని ముందు అడుగుట మన పల్లెటి పంచాయతీలలో కూడ ఎరిగిన న్యాయమే. చరిత్రలోని స్త్రీల విషయమున ఆ న్యాయమును మనము తరచు మరతుము. పుకారును నమ్మువారు ఫైజీ మాటను యథాతథముగా తీసికొందురు. నమ్మనివారు ఆ మాటతోపాటు మనిషినే తుడిచివేయుదురు. ఆమె నర్తకియో, గృహిణియో, రాణియో చెప్పుటకు శత్రువు మాట చాలదు. ఆమె పేరు ఆనాటి జనులకు తెలిసినదని చెప్పుటకు మాత్రము ఆ మాట చాలును.

కటుల్లసు పద్యములను చదువువారు నేడు క్లోడియను వెదకుట కొంత తగ్గించి, ఆ పద్యములలోని మనసును చూచుచున్నారు. మహమ్మద్ కులీ కవితలను చదువవలసిన తీరును అదియే. అందు భాగమతి దొరకదు. ఆ కాలపు వసంతము, వాన, చీరరంగులు, మల్లెలు, దక్కనీలో కలిసిన దేశీయ పదములు దొరకును. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియములో ఆతని దివాను సచిత్రప్రతి యొకటి కలదు. దక్కనీ వినుచు పెరిగిన మన ఆదోని, దేవనకొండ ప్రాంతములవారికి ఆ కవితలను ఎవరైన చదివి వినిపించినచో, సగము మాటలు బజారులో విన్నవియే యని తోచును.

ఇటనుండి హైదరాబాదు పోయినవారు చార్మినారును చూచి, వీలున్నచో గోలకొండ ప్రక్కనున్న సమాధుల తోటను కూడ చూతురు. అచ్చట మహమ్మద్ కులీ సమాధి ఎత్తైన అరుగుమీద ఒంటరిగా నున్నది. మార్గము చూపువారు భాగమతి కథను చెప్పుదురు, వంతెనను కూడ చెప్పుదురు. కథను వినుడు. వంతెన కట్టునాటికి రాకుమారుని వయసెంతయో మనసులో లెక్కవేసికొనుడు. అటుపిమ్మట ఆమె పేరును, ఫైజీ తగిలించిన విశేషణము లేకుండ, ఒక్కసారి తలచుకొనుడు.